పాట రాదు, ఫ్రెంచి రాదు, సెప్టెంబరు నుంచి రెండూ చెప్పాలి: ఇంగ్లండులో ఇయర్ 4 టీచరు ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాదులో బీఎడ్ చేసి, ఇక్కడికి వచ్చి టీచరు అర్హత తెచ్చుకుని, రెండేళ్లుగా ఇయర్ 4, అంటే ఎనిమిది తొమ్మిదేళ్ల, పిల్లలకు లెక్కలూ ఇంగ్లీషూ ఇబ్బంది లేకుండా చెబుతున్నారు. ఇంతలో సంగీతం, ఫ్రెంచి చెప్పే ప్రత్యేక టీచరు వెళ్లిపోతున్నారు. కొత్తవారిని పెట్టుకోవడానికి డబ్బు లేదు కాబట్టి సెప్టెంబరు నుంచి ఎవరి తరగతికి వారే చెప్పుకోవాలని హెడ్ టీచరు అన్నారు. "పాడటం రాదు, ఫ్రెంచిలో నమస్కారం తప్ప ఇంకో ముక్క తెలియదు, ముప్పై మంది ముందు నవ్వులపాలవుతాను" అని రాశారు.

నేను ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. మొదట టీచింగ్ అసిస్టెంటుగా, తరువాత టీచరుగా. ఈ రెండు సబ్జెక్టుల బాధ్యత నా నెత్తిన పడి పదకొండేళ్లయింది. సంగీతంలో డిగ్రీ లేదు, ఫ్రెంచిలో అంతకన్నా లేదు. చిన్నప్పుడు బందరులో రెండేళ్లు సరళీ స్వరాలు, జంట స్వరాలు నేర్చుకుని, పదో తరగతి పరీక్షల పేరు చెప్పి మానేసిన బాపతు. మీ భయం నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను: మీకు పెద్దగా లోటు లేదు. మీ దగ్గర ఉన్నదేమిటో మీరింకా లెక్కపెట్టుకోలేదు.

ముందు ఈ భయం ఎక్కడినుంచి వస్తోందో చూద్దాం. 2014 సెప్టెంబరు నుంచి ఇక్కడి జాతీయ పాఠ్యప్రణాళికలో 7 నుంచి 11 ఏళ్ల పిల్లలకు ఒక పరభాష తప్పనిసరి. సంగీతం అంతకుముందు నుంచే ఉంది. అయితే 2005 నుంచి ప్రతి టీచరుకూ బోధన సమయంలో పదో వంతు ప్రణాళిక వేసుకోవడానికి, నోటు పుస్తకాలు దిద్దుకోవడానికి విడిచిపెట్టాలని నియమం వచ్చింది. మంచి నియమమే. కానీ ఆ గంటల్లో తరగతిని ఎవరో ఒకరు చూడాలి కదా? చాలా బడులు ఆ ఖాళీలో సంగీతాన్నీ ఫ్రెంచినీ పెట్టేసి ప్రత్యేక టీచరుకు అప్పగించాయి. అంటే ఆ పాఠాలు నడుస్తున్నప్పుడు తరగతి టీచరు స్టాఫ్ రూములో ఉంటారు. ఏళ్ల తరబడి ఒక్క పాఠం కూడా కళ్లతో చూడని మనిషికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? మీకు రాకపోవడం మీ తప్పు కాదు, టైంటేబులు తప్పు. అందుకే మొదటి సలహా: ఆ ప్రత్యేక టీచరు వెళ్లేలోగా మీ ఖాళీ గంటలు రెండు మూడు వదులుకుని వెనక బెంచీలో కూర్చుని చూడండి. ఒకవేళ ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే, పక్క బడిలో చూడటానికి ఒక పూట సెలవివ్వమని హెడ్ టీచరును అడగండి. కోర్సులకు డబ్బు లేదంటారేమో గానీ ఒక పూటకు కాదనరు.

ఇక ఫ్రెంచి.

తెలుగువాళ్లు ఇంగ్లీషు గుండా ఫ్రెంచిలోకి వెళ్లాలనుకోవడమే అసలు చిక్కు. ఇంగ్లీషు వాళ్లు 'టీ' అన్నప్పుడు నోటి ముందు అరచేయి పెట్టి చూడండి, గాలి తగులుతుంది. ఫ్రెంచి ప, త, క లలో ఆ గాలి ఉండదు, మన ప, త, క లలో లేనట్టే. పైగా ఫ్రెంచిలో టి, డి అక్షరాలు పలికేది నాలుక పళ్లకు తగిలించి, అంటే మన త, ద లే. నా ఇంగ్లీషు సహోద్యోగులు ఏళ్ల తరబడి సాధన చేసినా సరిగ్గా పడని శబ్దం మీకు ఉగ్గుపాలతోనే వచ్చింది. అలాగే ఇంగ్లీషులో ఒక అక్షరం మీద బరువు వేసి మిగతావి మింగేస్తారు. ఫ్రెంచిలో అక్షరాలన్నీ దాదాపు సమానంగా నడుస్తాయి, తెలుగులోలాగా. మీరు 'బనానా' అనే మాటను ఇంగ్లీషువాళ్లలా కాకుండా తెలుగులో అన్నట్టు అంటే ఫ్రెంచి చెవికి అదే దగ్గర.

కష్టపడవలసినవి మూడు. ఒకటి, 'తు' అనే మాటలోని అచ్చు: పెదవులు 'ఊ' కోసం సున్నాలా చుట్టి, లోపల నాలుకతో 'ఈ' అనాలి. అద్దం ముందు రెండు రోజులు చాలు. రెండు, గొంతులోంచి వచ్చే ర. పుక్కిలించినట్టు ఉంటుంది. రాకపోతే మామూలు ర తోనే నడిపించండి, ఆకాశం విరిగి పడదు. మూడోది ముక్కుతో పలికే అచ్చులు. మనకు ఇక్కడే దెబ్బ, ఎందుకంటే సున్న కనిపిస్తే మనం 'న్' అనో 'మ్' అనో గట్టిగా పలికేస్తాం. పాత పుస్తకాల్లో అరసున్న గుర్తుందా? ఎవరూ పలకని ఆ గుర్తుకు నేను ఇన్నాళ్లకు ఒక పని కల్పించాను. నా సొంత నోట్సులో బోఁజూర్, బ్లాఁ, వేఁ అని రాసుకుంటాను. అరసున్న కనిపించగానే నాలుక ఎక్కడా తగలకుండా గాలిని ముక్కులోకి వదలాలని నాకు నేను పెట్టుకున్న గుర్తు. ఈ తెలుగు రాత మీ నోట్సు వరకే సుమా. పిల్లల పుస్తకాల్లో మాత్రం ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో రాయించకండి. శబ్దానికీ ఫ్రెంచి వర్ణక్రమానికీ ముడి పడటం ఈ వయసులో నేర్వవలసిన అసలు విషయం. 'ఓయి' అని రాసి 'వా' అని పలుకుతారనీ, 'ఈ ఏ యూ' అని మూడు అక్షరాలు రాసినా పలికేది ఒక్క 'ఓ' అనీ వారానికి ఒకటి చొప్పున గోడకు అంటిస్తూ పోండి. ఏడాది తిరిగేసరికి తెలియని మాటను కూడా పిల్లలు చదివేస్తారు.

వ్యాకరణంలోనూ మీకు చుట్టాలున్నారు. నువ్వు, మీరు తేడాను ఇంగ్లీషు పిల్లలకు వివరించడానికి మా వాళ్లు బొమ్మలు గీస్తారు, నాటకాలు వేయిస్తారు. ఆ 'తు', 'వూ' మీకు పుట్టుకతో వచ్చాయి. తరగతిలో చెప్పే ఆజ్ఞలు, ఎకూతే అంటే వినండి, రెపెతే అంటే మళ్లీ అనండి, రెగార్దే అంటే చూడండి, అన్నీ 'మీరు' రూపాలే. చివర పలకని హల్లు తరువాతి మాటలోని అచ్చు తగలగానే మేలుకుంటుంది. 'లే', 'ఆమీ' కలిస్తే 'లెజామీ', అంటే స్నేహితులు. సంధి చదువుకున్నవారికి ఇది కొత్తేమీ కాదు. "అతనికి ఉందా" అని అడిగేటప్పుడు 'ఆ', 'ఈల్' అనే రెండు అచ్చుల మధ్య ఊరికే ఒక 'త్' వచ్చి చేరి 'ఆతీల్' అవుతుంది. మన యడాగమానికి అన్న వరస.

వారాల పేర్లయితే మీరు ఒక్క రోజులో నేర్చుకుంటారు. లుఁది అంటే చంద్రుడి రోజు, మన సోమవారం. మార్ది అంగారకుడిది, మంగళవారం. మెర్క్రెది బుధుడిది, జ్యోది గురుడిది, వాఁద్రెది శుక్రుడిది. అయిదు రోజులకు అయిదు గ్రహాలు, మన వరసలోనే. శని, ఆదివారాల దగ్గర మాత్రం ఫ్రెంచివాళ్లు గ్రహాలు వదిలేసి మతం వైపు వెళ్లిపోయారు: సామ్‌ది యూదుల విశ్రాంతి దినం పేరు మీద, దిమాఁష్ ప్రభువు పేరు మీద. ఇది నేను ఇయర్ 4 పిల్లలకు ఆకాశం బొమ్మ గీసి చెబుతాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా తెలుగు పేర్లు కూడా పక్కన రాస్తాను. తరగతిలో ఉన్న ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లల మొహాలు ఆ రోజు చూడాలి. (అన్నట్టు, మా బందరులో పరాసుపేట ఉంది. పరాసులంటే ఫ్రెంచివారే. ఆ పేరు కింద తిరుగుతూ పెరిగి, ముప్పై రెండేళ్లకు ఇంగ్లండులో ఆ భాష నేర్చుకున్నాను.)

తప్పులు చేస్తారు. నేను చేసిన ఒకటి చెబుతాను. మొదటి ఏడాది అంకెలు చెబుతూ ఇరవైని చూసింది చూసినట్టు 'వింగ్ట్' అని చదివాను. తరగతి అంతా గట్టిగా 'వింగ్ట్' అంది. ముందు వరసలో కూర్చునే ఒక పిల్ల, కాంగో నుంచి వచ్చిన కుటుంబం, పెదవి విప్పలేదు. పాఠం అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "మిస్, మా ఇంట్లో వేఁ అంటారు" అంది. చెవులు వేడెక్కాయి. మర్నాడు హాజరు తీసుకునేటప్పుడే చెప్పాను: "నిన్న నేను ఇరవైని తప్పు పలికాను. జీ, టీ రెండూ నిద్రపోతాయి. అందరూ ఒకసారి అనండి." అంతే, ఎవరూ నవ్వలేదు. పైపెచ్చు ఆ వారం నుంచి తరగతిలో 'నిద్రపోయే అక్షరాలు' వెతకడం ఒక ఆట అయింది. 'పెతీ' అంటే చిన్న వాడు, చివర టి నిద్రపోతుంది. ఆడపిల్ల గురించి అంటే చివర 'ఈ' అనే అక్షరం చేరి ఆ టి మేలుకుని 'పెతీత్' అవుతుంది. అలాంటి పిల్లలనే అడిగి అడిగి టీచర్లుగా మార్చేయకండి, అది వాళ్లకు బరువు. వాళ్లు తమంతట చెయ్యెత్తితే మాత్రం వదలకండి.

ఇప్పుడు సంగీతం. మీ అసలు భయం ఇదేనని నాకు అనుమానం, ఎందుకంటే మూడు వాక్యాల్లో రెండుసార్లు "గొంతు లేదు" అని రాశారు.

ఇక్కడి బడుల్లో చేతి సైగలతో డో, రే, మీ, అంటే పాశ్చాత్యుల సరిగమలు, నేర్పుతారు. నార్విచ్‌లో సారా గ్లోవర్ అనే ఆవిడ 19వ శతాబ్దంలో తయారు చేసిన పద్ధతిని జాన్ కర్వెన్ అనే మతబోధకుడు దేశమంతా వ్యాప్తి చేశాడు. తరువాత హంగరీ స్వరకర్త కొడాయ్ దాన్ని తన బోధనలోకి తీసుకున్నాడు. అది చూసి బెదరకండి. అందులో డో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, మన షడ్జమం (స) లాగే. డో రే మీ ఫా సో లా టీ అంటే అచ్చంగా శంకరాభరణం. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సాహిత్యం రాసి నొట్టుస్వరాలు కట్టింది కూడా ఈ రాగంలోనే. ఫా, టీ తీసేస్తే మిగిలేది మోహనం. ఒక్క తేడా గుర్తుంచుకోండి: ఫ్రాన్సులో డో అంటే పియానో మీద ఒకే మీట, అది కదలదు. టీ బదులు సీ అంటారు. ఈ ముక్క ఫ్రెంచి పాఠంలో చెబితే సంగీతం పాఠం కూడా అయిపోతుంది.

పిల్లలు శ్రుతి తప్పుతున్నారంటే నూటికి తొంభైసార్లు తప్పు పిల్లలది కాదు, మనం మరీ కింద ఎత్తుకున్నామని అర్థం. పెద్దవాళ్లం మాట్లాడే గొంతుకు దగ్గరగా మొదలుపెడతాం. ఎనిమిదేళ్ల పిల్లలకు అది బావిలో దిగినట్టు ఉంటుంది. కర్ణాటక సంగీతం నేర్చిన ఆడవాళ్లం సాధారణంగా అయిదు శ్రుతి పట్టుకుంటాం కదా, అది మధ్య సి (పియానో నడుమ ఉండే 'సి' మీట) కన్నా కింద ఉండే జీ. తరగతిలో దానికి పైన, మధ్య సి దాటాక వచ్చే ఎఫ్, అంటే పై స్థాయి నాలుగు శ్రుతి, చాలా పాటలకు సరిపోతుంది. ఫోనులో తంబురా యాప్ పెట్టుకుని పాఠానికి ముందు కారులో ఒకసారి 'స' పట్టుకోండి. నేను ఇప్పటికీ అదే చేస్తాను.

అసలు పాట లేకుండానే మొదలుపెట్టవచ్చు. మొదటి మూడు వారాలు లయ మాత్రమే చెప్పండి. నా మొదటి పాఠం ఎప్పుడూ ఇదే, యథాతథంగా వాడుకోండి. పండ్ల బొమ్మలు మూడు తెచ్చుకోండి. బేరిపండు 'ప్వార్', ఒక్క అక్షరం. అరటిపండు 'బనాన్', రెండు. జల్దారు, అదే ఆప్రికాట్, 'అబ్రికో', మూడు. బోర్డు మీద నాలుగు గళ్లు గీసి ప్వార్, ప్వార్, బనాన్, ప్వార్ అని బొమ్మలు పెట్టండి. కాలితో తాళం వేస్తూ అనండి. అది మన లెక్కలో తం తం తక తం. ఇక్కడి పుస్తకాల్లో ట ట టిటి ట అని ఉంటుంది. ఒకసారి మీరు, ఒకసారి వాళ్లు. నాలుగోసారి ఒక గడిలో బొమ్మ తీసేసి ఖాళీ ఉంచండి. అక్కడ నోరు మూసి తాళం మాత్రం వేయాలి. పిల్లలకు అన్నిటికన్నా నచ్చేది ఆ ఖాళీయే, ఎవరో ఒకరు అందులో 'ప్వార్' అని అరిచి దొరికిపోతారు. తరువాత తరగతిని రెండుగా చీల్చి, సగం మంది అదే వరస, మిగతావారు 'అబ్రికో' ను తక తం అని వాయించినట్టు పదే పదే. ఇరవై నిమిషాల్లో రెండు లయలు ఒకదానిమీద ఒకటి నడుస్తుంటాయి, మూడు ఫ్రెంచి మాటలు నోటికి వచ్చేస్తాయి, మీరు ఒక్క స్వరం పాడలేదు.

నాలుగో వారం పాట. 'ఫ్రేర్ జాక్' అనే పాత ఫ్రెంచి పాట తీసుకోండి, దాన్ని మించింది నాకు దొరకలేదు. దాని నడక చూడండి: సరిగస సరిగస, గమప గమప, పదపమగస పదపమగస, చివర స, మంద్ర పంచమం (కింది స్థాయి ప), మళ్లీ స. సరళీ స్వరాలు అన్నవారికి అయిదు నిమిషాల పని. ఎఫ్ లో పట్టుకోమన్నది కూడా ఆ మంద్ర పంచమం పిల్లల గొంతుకు అందడానికే. ఇందులో ఫ్రెంచీ పుష్కలంగా ఉంది. నిద్రపోతున్న సన్యాసి జాక్‌ను 'దొర్మే వూ', అంటే నిద్రపోతున్నారా, అని 'మీరు' వేసి అడుగుతారు. 'సొన్నే' అంటే గంటలు కొట్టండి అని ఆజ్ఞ. ఇదే పాట ఇంగ్లీషులో పాడితే గంటలు వాటంతట అవే మోగుతుంటాయి, ఫ్రెంచిలో కొట్టవలసినవాడు నిద్రపోతున్నాడు! ఈ సంగతి చెప్పగానే పిల్లలకు పాట అర్థమవుతుంది. అది గట్టిపడ్డాక ఒక జట్టు మొదలుపెట్టిన రెండు ముక్కల (సరిగస సరిగస) తరువాత రెండో జట్టును ఎత్తుకోమనండి. పాట తనమీద తానే పరచుకుంటుంది. మొదటిసారి గజిబిజి అవుతుంది. కంగారు పడి ఆపకండి, మీరు బలహీనంగా ఉన్న జట్టు పక్కన నిలబడి వాళ్లతో పాడండి.

వాద్యాల విషయం క్లుప్తంగా. ముప్పై గ్లాకెన్‌స్పీలులు (లోహపు రేకుల మీద చిన్న సుత్తితో కొట్టే వాద్యాలు) ఒకేసారి పంచకండి, నేను పంచాను, ఆ మధ్యాహ్నమంతా తలనొప్పి. ఆరు చాలు, వంతులవారీగా. రేకులు ఊడివచ్చే రకమైతే ఎఫ్, బి రేకులు తీసి పక్కన పెట్టండి. మిగిలినవాటిలో పిల్లలు ఏది కొట్టినా అపశ్రుతి అనిపించదు. మోహనం చేసే ఉపకారం అది. కొత్త బాణీ కట్టమన్నప్పుడు మొదటిరోజు ఇదే బడి మొత్తానికి శ్రేయస్సు.

వీడియోల గురించి అడిగారు. ఓక్ నేషనల్ అకాడమీ వెబ్‌సైటులో ఉచిత పాఠాలున్నాయి, బీబీసీ టెన్ పీసెస్‌లో వాద్యగోష్ఠులు వినిపించడానికి మంచి సరుకుంది. ముందురాత్రి మీరు చూసి నేర్చుకోవడానికి వాడండి. తరగతిలో మాత్రం తెర మీద వదిలేసి పక్కన నిలబడకండి. తెర ఆగదు, వినదు, ఎవరు తప్పు పలికారో దానికి తెలియదు. మీ గొంతు ఎంత సామాన్యమైనదైనా పిల్లలు దాన్ని చూసే పాడతారు. ఫ్రెంచివారి ఉచ్చారణ వినిపించడానికి ఒక నిమిషం వేసి ఆపేయండి.

సమయం: వారానికి ఒక్కసారి ముప్పావుగంట పెట్టి మిగతా ఆరు రోజులు మరిచిపోవడం కన్నా, అరగంట పాఠమూ రోజుకు అయిదు నిమిషాలూ మేలు. హాజరు ఫ్రెంచిలో తీసుకోండి, తేదీ ఫ్రెంచిలో రాయించండి, భోజనానికి వరస కట్టేటప్పుడు చప్పట్లతో ఒక లయ ఇచ్చి తిరిగి వేయించండి. పిల్లలకు ఎంత సాధనో మీకూ అంతే, అదీ వేరే సమయం పెట్టకుండా. సంగీతానికి వారానికి కనీసం గంట ఉండాలని 2022 నాటి జాతీయ సంగీత ప్రణాళిక అంటుంది. హెడ్ టీచరు దగ్గర ఆ మాట గుర్తుచేయడానికి సంకోచించకండి. మీ ప్రాంతపు మ్యూజిక్ హబ్‌కు, అంటే బడుల్లో సంగీతానికి సాయపడే సంస్థకు, కూడా ఒక మెయిలు రాయండి. తరగతి మొత్తానికి ఒక వాద్యం నేర్పే టీచరును పంపే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది, వాళ్లు వచ్చినప్పుడు మీరూ ఒక ఉకులేలే (చిన్న గిటారు లాంటిది) పట్టుకుని పిల్లల మధ్య కూర్చోండి.

చివరగా, అయిదు గీతల స్వరలిపి రాకుండా ఎలా అని అడిగారు. అది 7 నుంచి 11 ఏళ్ల పిల్లల పాఠ్యప్రణాళికలో ఉన్న మాట నిజమే. కానీ మొదటి టర్ములో బోర్డు మీద పండ్ల బొమ్మలే మీ స్వరలిపి. క్రిస్మస్ తరువాత ప్వార్ బొమ్మ కింద ఒక కాడ ఉన్న చుక్క, బనాన్ కింద అడ్డగీతతో కలిపిన రెండు చుక్కలు గీయండి. ఆ సాయంత్రానికి పిల్లలతోపాటు మీకూ సగం వచ్చేస్తుంది. గీతల మీద స్వరాల చోట్లు ఈస్టరు దాకా ఆగవచ్చు, అప్పుడు మళ్లీ అడగండి, రాస్తాను.